ముంచిన పడవ

ధడి మహారణా టేపు వాడడు.
నన్ను నేలమీద మూడుసార్లు పడుకోబెట్టి
మడమల దగ్గర బొగ్గుగీత గీశాడు.
"ఇంతే నీ పడవ" ఒడియాలో అన్నాడు.
బేరం నేను తెలుగులో ఆడాను.

పదకొండు రోజులు బాడిశ మోత.
ఓ గుగ్గిలం చెక్క వంగనంటే
తడిగోనె కప్పి, కింద రంపంపొట్టు రాజేసి
రెండు బీడీలు కాలేదాకా ఊరుకున్నాడు.
వంగింది.

సందుల్లో నూలు, నూనె, అదే చెట్టు బంక.
చిలికలోకి తోశామా, లోపల చీలమండలోతు నీళ్లు!
ఎర్నమ్మ కమ్మలు కుదువలో ఉన్నాయని అరిచాను.
నవ్వి, నాలుగు రాళ్లేసి మొత్తం ముంచేశాడు:
"దాహం తీరనీ. మూడురోజులకి చెక్కా చెక్కా కలుస్తాయి."

రెండో రాత్రి ఎర్నమ్మ లాంతరు పట్టింది.
రంభ రేవులో, నీటడుగున
పడుకుని ఉంది, ఒక్కో బుడగే వదులుతూ.
తెడ్డు వేసే నా చోట
అప్పుడే ఓ పీత కూర్చుంది.