జి దాటి కుడివైపు

సోమవారం నుంచి ఎవులోహియో రాడు.
ఆటుపోట్ల పట్టికలు కట్టే ఈ గదిలో
అతని కుర్చీ, అతని మగ్గు, అతని ఎడిటరు
మూడూ నా వంతుకొచ్చాయి.
మగ్గు తోమాను. కుర్చీ ఎత్తు దించాను.
ఎడిటరే నా మాట వినదు.

కంట్రోల్ సి నొక్కితే కాపీ కావాలి గదా!
వల్పరాయిసో రేవుకు నెల రోజుల్లో రాబోయే పోట్లన్నీ
మీటర్లు విడిచి అడుగుల్లోకి దూకాయి.

"ఏ మీట ఏం చేస్తుందో రాసిపెట్టు,"
అంది ఇట్సియార్, మా పై అధికారి,
"రేపు నువ్వూ మానేస్తే?"

రాశాను.
కంట్రోల్ క్యూ: ఆటు వరసలకు నీలిరంగు.
కంట్రోల్ డబ్ల్యూ: దశాంశ చుక్కలన్నీ ఒకే నిలువు గీతలోకి,
బడి గంట విన్న పిల్లల్లా.
ఆల్ట్ డి: పున్నమి ఎక్కడుంటే అక్కడికి గెంతు.
కంట్రోల్ షిఫ్ట్ జెడ్:
ఏమీ జరగదు. మళ్ళీ నొక్కాను. ఏమీ జరగదు.

పదిహేడు రాశాక కంటపడింది
జి దాటి కుడివైపు ఒక్క మీటా లేదని.
సగం పలక బీడు పెట్టేశాడు మనిషి.

శనివారం పొగమంచులో
కిర్రుమనే లిఫ్టెక్కి కొండమీది ఇంటికెళ్ళాను.
"మీది పుర్రచేతివాటమా?"
"నాది కాదు. లెయోకాదియోది.
అదీ పుట్టుకతో కాదు.
రేవులో ఇనపతాడు బిగుసుకుని
కుడిచేతి వేళ్ళు పోయాయి.
మిగిలిన చేతికి అందేట్టు నేనే కట్టాను అవన్నీ.
ఆయన పోయాక చూస్తే
నా కుడిచేతికీ పని లేదు.
అప్పుడు కొన్నాను ఆ మగ్గు."

"మరి కంట్రోల్ షిఫ్ట్ జెడ్?"

కాసేపు మాట్లాడలేదు.
"గంట. సాయం కావాలంటే నొక్కేవాడు,
పక్కగదిలోంచి వెళ్ళేవాణ్ణి.
స్పీకరు చెడిపోయి ఎన్నేళ్ళయిందో."
"ఎందుకు తీసేయలేదు?"
"మర్చిపోయా," అన్నాడు
గుమ్మంలో పడుకున్న కుక్కతో.

సోమవారం కాగితానికి
ఇంకో గడి గీశాను: ఎందుకు.
పదహారు మీటల పక్కన ఒకే పేరు.
పదిహేడోదాని పక్కన:
గంట. మోగదు. తీసేయొద్దు.

కంట్రోల్ సి మాత్రం మార్చేసుకున్నాను, లెయోకాదియో గారూ.
నాకు కాపీ కావాలి.