టర్నిప్ వాగు

మిస్సోరి కొండల్లో మా వాగుకి పటంలో పేరు లేదు.
ఎండాకాలం మోకాలి లోతు.
వెడల్పెంతంటే, మా నాన్న ఇటు తుమ్మితే
అవతలి ఒడ్డున డెల్మర్ పెదనాన్న కుక్క తలెత్తేది.

ఆ కుక్క ఒక్కటే మాకు పలికేది.
అన్నదమ్ములిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు.
ఒక వరదకి వాగు ఒళ్ళు విరుచుకుని
ముప్పాతిక ఎకరం ఇటునుంచి అటు పడేసింది.
వాగు చేసిన పనికి వీళ్ళు కోర్టుకెళ్ళారు.

నాకప్పుడు పదేళ్ళు.
పాత కాన్వాస్ బూట్లతో నీళ్ళలో దిగి
ఎదురు నడవటం నాన్నే నేర్పాడు.
"చేప ఎప్పుడూ ఎగువకే చూస్తుంటుంది నోలా,
తిండి అటునుంచే వస్తుంది గనక.
నువ్వు వెనకనుంచి రా,
అప్పు అడగబోయేవాడిలా మెల్లగా.
నీ నీడని మాత్రం ఒడ్డునే వదిలెయ్."
నీడని ఎలా వదలాలో చెప్పలేదు.
నేను వంగి వంగి నడిచేదాన్ని.

సైకమోర్ వేళ్ళకింద గుంటలో సన్‌ఫిష్‌లు,
ఒక్కోటీ నా అరచేయంత.
నారింజ పొట్ట, చెంపలమీద నీలం గీతలు,
రంగు పెన్సిళ్ళు కొత్తగా దొరికిన పిల్లెవరో
అంచులు దాటి దిద్దేసినట్టు.
మిడతని ముల్లుకి గుచ్చి వేస్తే
బెండుని బుడుంగున లాక్కుపోయేవి,
వాటి ఒంటికి మించిన కోపంతో.
నాకు అవి చాలు.
నాన్నకి బాస్ కావాలి.
రాయి పక్కన రాయిరంగులో నిలబడి
ఎర్రటి కంటితో మనల్ని ముందే చూసేసే బాస్.

ఆగస్టులో ఒకరోజు నా విసురు గురి తప్పింది.
దారం వాగు దాటిపోయి
పెదనాన్న వైపు విల్లో కొమ్మకి చుట్టుకుంది.
లాగాను. కొమ్మ వంగింది గానీ వదల్లేదు.
ఆ కొమ్మకిందే, బోర్లించిన బకెట్‌మీద, ఆయన.
నాన్న తన గాలంవైపే చూస్తున్నాడు,
సంతకం పెట్టాల్సిన కాగితాన్ని చూసినట్టు.
తెంపెయ్యమంటాడనుకున్నాను.
అనలేదు.

పెదనాన్న లేచాడు.
మోకాళ్ళు టకటకమన్న చప్పుడు
నీళ్ళమీదుగా నా దాకా వచ్చింది.
కొమ్మ వంచి చిక్కు తీశాడు.
నా వడిలిన మిడతని చూసి పెదవి విరిచి
దాన్ని పీకేసి,
తన కాఫీ డబ్బాలోంచి బతికున్న వాగురొయ్యని తీసి
తోకలోంచి గుచ్చి,
రెండు రాళ్ళమధ్య నురగ తిరిగేచోట
చేత్తోనే వదిలాడు.

మూడు లెక్కపెట్టానో లేదో
కర్ర నా చేతుల్లో ప్రాణమొచ్చినట్టు వంగింది.
అది నీళ్ళలోంచి నిలువునా లేచి
తల విదిలించి మళ్ళీ పడింది.
"కర్ర పైకెత్తు!" ఇటునుంచి.
"కర్ర పైకెత్తు!" అటునుంచి.
ఒకే గొంతు, ఒకే యాస, ఒకే కంగారు.
ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.
చేప మాత్రం తన గొడవలో తానుంది.

నాన్న చెయ్యి తడుపుకుని
కింది పెదవి పట్టి ఎత్తాడు.
ముల్లు తీస్తుంటే
నేను దాని పక్కన నా చెయ్యి ఆనించి చూసుకున్నాను.
"పధ్నాలుగు అంగుళాలు," అన్నాడు నాతో,
పక్కనే ఉన్న మనిషికి అక్కర్లేనంత గట్టిగా.
"పదిహేను," అన్నాడు పెదనాన్న, కుక్కతో.

వదిలేశాం.
అది ఏ ఒడ్డువైపు పోయిందో నేను చూశాను.
చెప్పను. మళ్ళీ అదో తగాదా.

కలిసిపోయారా అంటే, లేదు.
ఇంకో నాలుగు వేసవులు
ఒకాయన నాతో, ఒకాయన కుక్కతో మాట్లాడారు,
వాగు మధ్య బండమీద కాఫీ డబ్బా
ఎప్పుడూ ఎవరూ పెట్టనట్టే ఉండేది,
ఎప్పుడూ రొయ్యలతో నిండే ఉండేది.
పెదనాన్నని పూడ్చిన రోజు
ట్రక్కు తాళంచెవి తిప్పబోయి ఆగి
"పదిహేనే అయ్యుంటుంది," అన్నాడు నాన్న.

నేనేమీ అనలేదు.
ఆ చేప నా రెండు జానలు, సరిగ్గా.
ఆ రాత్రే స్కూలు స్కేలుతో
నా జానని కొలుచుకున్నాను,
ఆరున్నర.