ఖుబూస్ గిన్నె

ధైద్ దాటి పదకొండు కిలోమీటర్లు,
రోడ్డు ఒడిసేకాడ మా క్యాంపు.
క్యాంపు ఎనుక జాలి. జాలి అవతల చిరుతల కేంద్రం.
అండ్ల బోన్లు కడుగుడు నా పని.

కుక్కకు పేరు పెట్టింది షఫీకుల్.
ఎండిన రొట్టె ముక్కకే అంత తోక ఊపిందని
ఖుబూస్ అన్నడు.
డేగిశ మూత సొట్టబోతే దాన్నే గిన్నె జేసిన.
రాత్రి పదికి, ఇంటికి ఫోన్ మాట్లాడుకుంటనే
కూరనీళ్ళల్ల రొట్టె నానబెట్టి పెడుదును.
నా బిడ్డ గొంతు దానికి ఎరుకే.

ముందుగాల కంట్ల పుసి.
దుబ్బ అనుకున్నం. ఈడ ఎవలి కండ్లు మంచిగున్నయి?
తర్వాత ముక్కు కారింది.
ఆఖరికి నోట్ల ఏం లేకున్నా
నమిలింది, నమిలింది,
గాలే రొట్టె అయినట్టు.

గిన్నెకాడికి ఇంకోటి ఒస్తున్నదని
ఇసుక మీది అడుగులు చెప్పినయి.
నక్క. చెవులు పెద్దయి, పెయ్యి పిల్లంత.
ఓ పట్టపగలు రోడ్డు నడుమ నిలబడ్డది,
లారీకి భయపడుడు మర్చిపోయి.

డాక్టర్ హెస్సా ఉర్దూ కలిపి చెప్పింది:
ఈ వైరస్ ఎండల ఎక్కువసేపు బతకదు.
నీడుంటే బతుకుతది. తడుంటే బతుకుతది.
ఒకటి దగ్గిన గాలి ఇంకోటి పీలిస్తే చాలు.
నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలే.
పన్నెండున్నర నుంచి మూడు దాకా
మేం బతికేది గట్లనే గదా,
వాటర్ ట్యాంకు కింద, తడి గోనె పక్కన,
ఒకని ఊపిరి ఇంకొకని మెడ మీద.

ఆరో నెంబరు బోనుల చిరుత పిల్ల.
నాలుగో నెల. పేరు లేదు, చిప్పు నెంబరే.
కొండలన్ని దేవులాడినా ఇసొంటియి
రెండొందలు గూడ లేవట.
అది గూడ నములుతున్నది.
నోట్ల ఏం లేదు.

నక్క దూరే సందులకెల్లి ఒచ్చిందో,
నా బూట్లకు అంటుకొని ఒచ్చిందో.
బూట్లు నావి. గిన్నె నాది.

బల్దియా బండి ఒస్తదన్నరు.
మా జగిత్యాలల గూడ బల్దియానే అంటం,
ఆడ గూడ ఆ బండెక్కిన కుక్క మళ్ళ కనబడదు.
హెస్సా అడ్డం నిలబడ్డది.
చంపుతే కొత్తయి ఒస్తయి, పట్టుకరాండ్రి అన్నది.
గిప్పుడు శుక్రారం శుక్రారం
మూతి ఒడిసిపట్టి నేను ఒళ్ళె కూసుండబెడుత,
ఆమె సూది ఇస్తది. ముప్పై ఒకటి అయినయి.
అండ్ల ఖుబూస్ లేదు.

పదయితే చెయ్యి దానంతటదే రొట్టె తుంపుతది.
తుంపినంక సంచిల మూటగట్టి
మూతున్న డబ్బాల ఏస్త.
జాలి అవతల ఎవలో దగ్గినట్టయితది.
మనిషేనా అని
నిలబడి ఇంట.