ఇతర కారణాలు

బోరబండ సర్కారు బడి, తొమ్మిదో తరగతి, బి సెక్షన్.
నా ట్యాబ్‌లో ముప్పై ఎనిమిది పేర్లు,
ఒక్కో పేరు పక్కన ఒక్కో రంగు చుక్క.
పచ్చ అంటే గట్టెక్కుతారు.
పసుపు అంటే కనిపెట్టి ఉండాలి.
ఎరుపు అంటే పదో తరగతి పరీక్ష దాకా రారు.

రంగులు వేసింది నేను కాదు.
తార్నాక ఆఫీసులో, ఏసీ చప్పుడు కింద
ఒక లెక్క వేసింది:
హాజరు, గణితంలో మార్కులు, తండ్రి పని, ఇంటి అద్దె.

కావలి వెన్నెల. ఎరుపు.
మంగళవారం రాదు, శుక్రవారం రాదు.
ఎందుకో అడగమని నాకు తొమ్మిది గడులు ఇచ్చారు.
జబ్బు, భయం, కూలి, పెళ్లి, చదువు మీద ఇష్టం లేకపోవడం...
ఒక్కొక్కటే చదివాను.
"గండ్ల ఏదీ గాదు మేడం.
మంగళారం శుక్రారం నల్లా వస్తది.
అమ్మ ఆరింటికే అపార్ట్‌మెంట్ల పనికి పోతది.
నేను బిందెలు పట్టకుంటే
మూడొద్దులు పక్కింటోళ్ల మొకం సూడాలె."

తొమ్మిదో గడి నొక్కాను: ఇతర కారణాలు.

ట్యాబ్ లోపలికి తొంగి చూసి తనే అడిగింది
"నా పేరు కాడ ఎర్రగుందేంది?
ఫస్టొచ్చేటోళ్లకా?"
మొదటిసారి
స్క్రీన్ ఆర్పేశాను.

గణితం చెప్పే సుగుణాకర్ సార్
ఏ శిక్షణలోనూ కూర్చోలేదు.
మంగళ, శుక్రవారాల్లో తన పీరియడ్‌ని
పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి జరిపేసుకున్నాడు,
తెలుగు మేడంని బతిమాలి.
"జీవో ఏమైనా ఉందా సార్?"
"నల్లాకి ఉందా?" అన్నాడు, చాక్‌పీసు విరుస్తూ.

నూట నలభై పేజీల నివేదికలో
నూట పన్నెండో పేజీ అడుగున రాశాను:
నీళ్లొచ్చే రోజుల్లో కఠినమైన పాఠాలు మధ్యాహ్నం పెట్టాలి.
సమావేశంలో ఒకాయన కళ్లజోడు తీసి అడిగాడు,
ఇది విద్యాశాఖ పనా, జలమండలి పనా?
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
సమోసాలు బాగున్నాయి.

ఇవాళ మళ్లీ మంగళవారం.
నివేదిక కోసం కాదు, ఊరికే వచ్చాను.
హాజరు పొద్దున్నే తీసేశారు,
రిజిస్టర్‌లో వెన్నెల ఇవాళ కూడా లేదు.
రాత్రికి తార్నాకలో ఆ లెక్క
ఆ చుక్కని ఇంకాస్త ఎర్రగా చేస్తుంది.

ఒంటిగంట దాటి పది నిమిషాలు.
గేటు వేయకుండా కూర్చుంది ఆయా బీబమ్మ.
రోడ్డు మీద చెప్పుల చప్పుడు,
మోచేతుల దాకా తడి.
బోర్డు మీద ఈక్వల్ గుర్తు పెట్టి
సార్ అటు తిరిగి నిలబడ్డాడు,
ఆ పిల్ల చున్నీకి చేతులు తుడుచుకుని
నోట్‌బుక్ తెరిచేదాకా.