మూడో రంగు

ఆదివారం ఐదున్నరకి
తీరం వైపు నుంచి వచ్చిన బండి
పార్సిల్ ఆఫీసు ముందు దించిపోయిన థర్మాకోల్ పెట్టె.
కరిగిన ఐసులో రొయ్యలు
ఇంకా ఎటో ప్రయాణం చేస్తున్నట్టే ఉన్నాయి.
కిలోలో పావు నీళ్లేనని
మా అమ్మ సుంకమ్మ లెక్క.

గుంతకల్లులో ఈ పొద్దుకి
ప్రతి బండి మీదా ఉగ్గాని కలుపుతుంటారు.
పక్క క్వార్టర్స్‌లో బజ్జీ నూనెలో పడిన చప్పుడు.
మా ఇంట్లోనే
పళ్లు తోముకోగానే సముద్రం ఒలవడం.

వెన్ను చీల్చి నల్లదారం లాగుతూ నేను.
స్టవ్వు పక్క ఇనుప కుర్చీలో నాన్న.
పదకొండేళ్లు ఓడ వంటింట్లో నిలబడిన కాళ్లు
వాచి, స్టూలు మీద పడుకున్నాయి.
ఆమధ్య వచ్చిన జ్వరం
ఆయన ముక్కులో ఉన్న వాసనలన్నీ ఊడ్చుకుపోయింది.
మల్లెపూలూ ఒకటే, కిరసనాయిలూ ఒకటే.
గ్యాసు లీకైనా తెలీదని
అమ్మ రాత్రి రెండుసార్లు లేచి
రెగ్యులేటర్ తడుముతుంది.

"నూనెంతో పిండంత. కలబెడతానే ఉండల్ల.
చెయ్యి నిలిపితివా, సచ్చె."

మొదట తెల్లగా, తడిసిన సున్నంలా.
"ఒకటో రంగు."
తర్వాత పొట్టు తీసిన చెనిక్కాయ గింజలా.
"రెండోది. ఈడ దించేస్తే పిరికోడి కూర."
మూడోది పాత రాగిచెంబు అడుగు.
నాలుగో రంగు లేదు,
ఉండేది మసే.

ఇది నేర్పినవాడి పేరు తిబోడో.
మా ఇంట్లో ఫొటో కూడా లేని మనిషి.
లూసియానా చిత్తడినేలల వాడట.
ఓడ ఊగుతుంటే
తువ్వాలుతో నడుముని స్టవ్వు కడ్డీకి కట్టుకుని
గరిటె తిప్పేవాడట.
ఈ వంట పేరు కేజన్ అన్నాడట.
ఆయనది ఫ్రెంచి కలిసిన ఇంగ్లీషు,
నాన్నది ప్లాట్‌ఫారం మీద ఏరుకున్న ఇంగ్లీషు.
రంగులు చూపించుకుని మాట్లాడుకున్నారు.

ఉల్లిగడ్డ. క్యాప్సికం. మూడోది సెలెరీ అంటే
మార్కెట్లో మాబున్నీ
కొత్తిమీర కాడలు నా చేతిలో పెట్టింది.
"ఇదే అనుకో, పో."
నాలుగేళ్లుగా అదే అనుకుంటున్నాం.
మొక్కజొన్న రవ్వ బదులు జొన్న నూకలు,
సంకటి కంటే పలచగా, గంజి కంటే గట్టిగా.
తిబోడో చూస్తే ఏమనేవాడో.

"వాసన ఎట్లుండాది?"

ప్రతివారం ఇక్కడే తప్పుతాను.
బాగుంది అంటే ఒప్పుకోడు.
వేయించిన చెనిక్కాయలు, అన్నాను.
"అది రెండో రంగుకే వచ్చింటాది. ఇప్పుడు?"
మూకుడు మీదికి వంగాను.
బ్రేకు పడిన గూడ్సు చక్రం, నాన్నా.
ఇంకాస్త ఉంటే మాడుతుంది,
ఇంకా మాడలేదు.

"ఆఁ! ఏసెయ్ రొయ్యలు."

ఎవరో పేరు పెట్టి పిలిస్తే
వెనక్కి తిరిగినట్టు వంగాయి అన్నీ.
రంగుకి బ్యాడిగి,
కోపానికి గుంటూరు.
పొగ లేచి గది నిండింది.
పక్కింటి కిటికీ ధడాలున మూసుకుంది.
వాకిట్లోంచి అమ్మ దగ్గుతూ
ఓడలకీ వాటిని కట్టినోళ్లకీ శాపనార్థాలు.
నాన్న తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు.
కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు,
మొహమంతా నవ్వు.
"ఇది తెలుస్తాది మే. ఇదొకటి తెలుస్తాది.
ఇంకొంచెం ఎయ్యి."

తినేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు.
మధ్యలో అమ్మ మాత్రం,
"మీ నాయనకి చెప్పు, రాత్రికి కడుపు పట్టుకోని కూర్చుంటాడు" అంది,
అంటూనే ఆయన పళ్లెంలో
రెండో గరిటె వంచింది.

సోమవారం బుకింగ్ కౌంటర్లో కూర్చుని
చెమట పట్టిన పదిరూపాయల నోటు ఒకటి
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
క్యూలో ముసలాయన వింతగా చూశాడు.

ఇది పనికిరాదు.
ఆదివారానికి ఇంకా ఆరు రోజులుంది.