ఆరు గళ్ళు

దేవరకొండల సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుంగ
రేకుల షెడ్డు కింద నా కీబోర్డు.
పొద్దంతా పరాయి భూములకు హద్దులు రాస్తా:
తూర్పున బత్తాయి తోట, పడమర బండ్లబాట,
ఉత్తరాన ఒర్రె, దక్షిణాన తమ్మునికి మిగిలిన వాటా.
శనివారం రాత్రి మాత్రం
లేని కోటనొకదాన్ని రాస్తా.

జిరాక్స్ షాపు మీది అర్రల నలుగురం.
నడుమ గళ్ళ కాగితం, ఇరవై ముఖాల పాచిక.
కొరియర్ల ఒకటే వచ్చింది, అందరికీ అదే.
మందుల షాపు మూసి వస్తడు ఇస్తారి, ఆటల మంత్రగాడు.
పరీక్ష పేపర్లు సగం దిద్ది వస్తది అఫ్సానా,
ఈడ ఆమె తాళాలు తీసే దొంగ.
ఆటో దిగి నడుం పట్టుకొని వస్తడు సైదులు.
వాడు ఎప్పుడూ దివిటీ మోసేటోడే.
కత్తి ఇస్తనన్నా తీసుకోడు.

కథ చెప్పేదాన్ని నేను. రూల్సు కూడ నావే,
లాంగ్ నోట్‌బుక్కుల, ఆకుపచ్చ సిరాతో.
నలభై మూడో రూలు:
"పిశాచి దగ్గరికి వస్తే దివిటీ ఆరిపోతుంది."
ఎంత చక్కటి వాక్యం అనుకున్న.
మూడు శనివారాలు తినేసింది.

దగ్గరంటే?
చెయ్యి చాపితే తగిలేంత, అని ఇస్తారి.
పిలిస్తే పలికేంత, అని అఫ్సానా.
కొండమల్లేపల్లి కాడ నిలబడి
దేవరకొండ దగ్గరే అంటం గదా,
అని సైదులు, మీటరు లేని ఆటోవాడు.
నవ్వినం. తర్వాత నవ్వలే.
ఒక రాత్రి ఇస్తారి
చాయ ముట్టకుంట మెట్లు దిగిపోయిండు.

సోమవారం మా లేఖరి బుచ్చినర్సు సారు,
నలభై ఏండ్లు దస్తావేజులు రాసిన మనిషి,
నా నోట్‌బుక్కు తిరగేసిండు.
పిశాచాల సంగతి అడగనే లేదు.
'దగ్గర' కింద గోటితో గీత గీసి
"బిడ్డా, ఇది హద్దు గాదు, తగాదా" అన్నడు.
"నేనూ రాసిన ఒకసారి, చింతచెట్టు దాకా అని.
చెట్టు కొట్టేసిండ్రు.
కోర్టుల ఇంకా నిలబడే ఉన్నదది.
రాయి నుంచి కొలువు. నీడ నుంచి కొలవకు."

ఆ రాత్రి కొట్టేసి రాసిన:
పిశాచి ఆరు గళ్ళ లోపల ఉన్నచో దివిటీ ఆరును.
ఆరో గడి లోపలిదే.
మూలలు కోసి లెక్కించరాదు.
అందం పోయింది.
ఎముక మిగిలింది.

మళ్ళ శనివారం.
బురుజు మెట్ల మీద సైదులు ఒక్కడే.
ఇప్పుడే దివిటీ ఆరాలె, చీకట్ల వాడు అరవాలె.
వారం నుంచి దాచిపెట్టుకున్న అరుపది.
పిశాచిని నడిపిన.
సైదులు వేలుతో గళ్ళు లెక్కపెట్టిండు,
పెదవులు కదుపుకుంట, రాత్రి చిల్లర లెక్కపెట్టినట్టు.
"ఏడు, అక్కా."
నేనూ లెక్కపెట్టిన. ఏడే.

పోలీసు చెప్పిందే రూలు,
ఫైనాన్సోడు చెప్పిందే తారీఖు,
అట్ల దినాలు గడిపే మనిషి
నా మొహం దిక్కు చూస్తుండు.
నేను తలుచుకుంటే ఆ కోటల గాలి కూడ నాదే.
కానీ నేను రాసిన అంకె
నా మణికట్టు పట్టుకున్నది.

దివిటీ వెలుగుతనే ఉన్నది, అన్న.

ఇస్తారి బల్ల చరిచిండు.
చాయ ఒలికి కోట సగం తడిసింది.
మరక ఎన్ని గళ్ళని అఫ్సానా అప్పుడే షురూ.

పుస్తకం ఇంకా ఒడవలే.
మంత్రం ఎంతసేపు, నిద్రంటే ఎంత నిద్ర,
దోస్తును చంపిన పాచికను మళ్ళ ఎయ్యొచ్చునా,
ఇవన్నీ రాయాలె.
ఆఖరి పేజీల మాత్రం చేతి అలవాటు కొద్దీ రాసిన:
ఎవరి బలవంతం లేక, రాజీఖుషీతో ఒప్పుకున్నాము.
సాక్షులు:
ఇస్తారి, మందుల చీటీ అక్షరాలతో.
అఫ్సానా, కుడి నుంచి ఎడమకు.
సైదులు పేరు రాయలే.
చిన్న దివిటీ గీసి
దాని చుట్టూ గళ్ళు గీసుకుంట పోయిండు,
ఆరు దాకా,
నాలుక పంటి కింద పెట్టుకొని.