పొగమంచు గంట

పగులు కొలవడానికి వచ్చాను.
తూర్పుగోడలో, వేలు దూరేంత పగులు.
నిరుటికంటే గోరుమందం పెరిగింది.

తాళంచెవి థర్జా పెకోవర్ దగ్గరుంటుంది,
సైకిలు బుట్టలో, అమ్మకానికి పెట్టిన గుడ్ల కింద.
"పగలగొట్టకు," అంది.
గుడ్ల గురించో, గోడ గురించో.

ఈ బురదనేలలో పునాదికి రాయి దొరకదు.
ఆల్డర్ మొద్దులు నిలువునా దించి
పైన గొర్రెతోళ్లు పరిచి గోడలు లేపారట.
అప్పట్నుంచీ
మోకాల్లోతు నీళ్లలో నిలబడ్డ మనిషిలా
ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి
బరువు మార్చుకుంటోంది ఈ చర్చి.

కట్టించింది హవీజ్ అనే విధవరాలు.
మంచులో దారి తప్పి ఆమె మొగుడు మునిగిపోయాడు,
ఇంటికి రెండు కేకల దూరంలో.
ఆ రాత్రి అతని పిలుపు విని కూడా
ఆమె పలకలేదు. అలిగి పడుకుంది.
ఈ సంగతి దానపత్రంలో లేదు,
థర్జా వాళ్ల అమ్మమ్మ చెప్పిందంతే.

దానపత్రంలో ఉన్నది:
ఆరుగురు సన్యాసినులు, నలభై ఎకరాల రెల్లు,
శిస్తుగా ఏటా రెండు వేల పాముచేపలు.
మంచు కమ్మిన ప్రతి రాత్రీ
తెల్లవార్లూ ఎవరో ఒకరు గంట కొట్టాలి.
గంట విని వచ్చినవాళ్లకు
పేరు అడక్కుండా రొట్టె పెట్టాలి.
ఆచంద్రతారార్కం అని కాదు,
కాలవల్లో నీళ్లున్నంత కాలం అని రాశారు.

తర్వాత రాజుగారి మనుషులొచ్చారు.
పైకప్పు సీసం కరిగించి దిమ్మలు పోశారు,
ప్రార్థన బల్లలే కట్టెలుగా.
సన్యాసినులకు తలా ఒక గౌను ఇచ్చి పంపేశారు.
పెద్దమ్మ అమాబెల్ మాత్రం
ఊళ్లోనే ఉండి బాతులు మేపింది.
గంట వాళ్ల జాబితాకు దొరకలేదు,
బొగ్గుమట్టి గుంటలో మూడేళ్లు నానింది.
ఆ మూడేళ్లూ మంచు రాత్రుల్లో
ఊరి ఆడవాళ్లు వంతులేసుకుని
మూకుళ్లు మోగించారు.

"ఇప్పుడెవరు తప్పిపోతారు?" అన్నాను.
కాలవలు పంపులతో తోడేశారు,
అంతా బీటుదుంపల పొలం, తారురోడ్డు.
"నవంబరులో ఒకడొచ్చాడు.
దుంపలు పీకే పిల్లాడు, లిథువేనియా వాడట.
తిన్నాడు, ఏడ్చాడు, పోయాడు."

నివేదికలో 'పునాది' అన్న గడి దగ్గర
కలం కాసేపు ఆగింది.
కొయ్య, తోలు అని రాశాను.
తలెత్తితే కిటికీ తెల్లబడింది,
గేటు పక్కనున్న నా కారు లేదు.

థర్జా గుడ్లబుట్ట మేకుకు తగిలించి
మోకు అందుకుంది.
"రొట్టె ఆ సంచీలో ఉంది," అంది.
నా పేరు
ఇప్పటిదాకా ఆమె అడగనే లేదు.